కంప్యూటర్‌లో లారీ కిరాయి: టన్ను రేటు ఎక్కడ తప్పుతుంది?

(మా వాణిజ్య విలేఖరి)

బియ్యం ధరలో క్వింటాలుకు పది రూపాయల తేడా వస్తే మిల్లరు, ఎగుమతిదారు, మధ్యవర్తి ముగ్గురూ కూర్చుని గంటసేపు బేరమాడతారు. టీ రెండుసార్లు వస్తుంది. అదే రోజు అదే సరుకుకు లారీ కిరాయి టన్నుకు నూరు రూపాయలు పెరిగిందంటే మాత్రం ఫోనులోనే "సరే, లోడు చేయించండి" అని ముగిస్తారు. టన్నుకు పది క్వింటాళ్లు. టన్నుకు నూరు అంటే క్వింటాలుకు పదే. బేరంలో గుంజి తెచ్చుకున్న పది రూపాయలూ కిరాయిలో పోయినట్టే.

మొన్నటిదాకా ఈ లెక్క గుమాస్తా చేతిలో ఉండేది. కిరాయి పుస్తకంలో "మిర్యాలగూడ - కాకినాడ 1,200" అని ఒక్క ముక్క రాసుకునేవారు. ఆ 1,200 ఎన్ని టైర్ల లారీకి, గ్యారంటీ తూకం ఎంత, దింపుడు కూలి ఎవరిది, పోర్టు గేటు బయట బండి రెండు రోజులు నిలబడితే ఎవరు ఇచ్చుకోవాలి అన్నవి పుస్తకంలో ఉండేవి కావు. గుమాస్తాకు తెలుసు, లారీ బ్రోకరుకు తెలుసు, అంతే. ఇప్పుడు పెద్ద ఎగుమతి సంస్థలే గాక మధ్యతరహా మిల్లులు, కమీషన్ వ్యాపారులు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు కూడా రవాణా సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటున్నారు. పుస్తకంలోని ముక్కను ఎత్తి అందులో వేస్తున్నారు. గుమాస్తా తలలో ఉన్నది మాత్రం అందులోకి ఎక్కడం లేదు. ఆ సంగతి బిల్లులు వచ్చాక గాని బయటపడడం లేదు.

(ఈ వ్యాసంలో వేసిన కిరాయి రేట్లు, ఊళ్ల మధ్య దూరాలు లెక్క చూపడానికి వేసుకున్నవి. మార్కెట్ రేట్లుగా తీసుకోరాదు.)

రూటు అంటే రెండు ఊళ్ల పేర్లేనా?

ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ అయినా అందులో రెండు పట్టికలు ముఖ్యం. ఒకటి రూట్ మాస్టర్, రెండవది రేట్ మాస్టర్. మొదటిదానిలో ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది, రెండవదానిలో ఆ దారికి ఎంత అన్నది ఉంటాయి. తప్పులు ఎక్కువగా మొదటి పట్టికలోనే పుడుతున్నాయి.

కాకినాడ సంగతే తీసుకుందాం. అక్కడ యాంకరేజ్ పోర్టు వేరు, డీప్ వాటర్ పోర్టు వేరు. యాంకరేజ్ పోర్టులో సరుకు బార్జీల మీద సముద్రంలో నిలిచిన ఓడ దగ్గరకు పోతుంది. డీప్ వాటర్ పోర్టులో ఓడ రేవుకే వచ్చి ఆనుతుంది. ఊళ్లో గోదాముల్లో దింపే సరుకు మళ్లీ వేరు. గేటును బట్టి లారీ నిలబడే వేళ మారుతుంది, దింపే ముఠా మారుతుంది, ఒక్కొక్కప్పుడు కిరాయీ మారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో "కాకినాడ" అని ఒక్కటే పెట్టుకున్నవారికి ఈ తేడా ఎన్నటికీ కనిపించదు. దింపే చోటు ప్రతిదానికీ వేరు వేరు సంకేతం ఉండాలి. అలా చేస్తే రూట్లు యాభై అయ్యే చోట నూట యాభై అవుతాయన్నది నిజమే. అయినా ఒకసారి కూర్చుని పెట్టుకుంటే అయిపోయే పని అది.

ఇంకొకటి: రూటుకు దిక్కు ఉన్నది. చాలా సాఫ్ట్‌వేర్‌లలో "రెండు వైపులా ఇదే రేటు" అని ఒక చిన్న గడి ఉంటుంది. అమర్చేటప్పుడు ఎవరో దానిమీద టిక్కు పెట్టి మరచిపోతారు. మిర్యాలగూడ నుంచి బియ్యం వేసుకుని పోయే లారీ తిరుగు ప్రయాణంలో కాకినాడ రేవు నుంచి ఎరువుల లోడు దొరికితే తక్కువకైనా వస్తుంది, ఎందుకంటే ఖాళీగా రావడం కంటే అదే మేలు. అదే ఓడ దిగే రోజుల్లో ఎరువులకు లారీలు చాలకపోతే తిరుగు రేటే పోయే రేటును మించుతుంది. దారి ఒకటే, టోల్‌గేట్లు ఒకటే, కిరాయి మాత్రం ఒకటి కాదు.

దారి ఒకటే అన్నాము గాని అదీ పూర్తిగా నిజం కాదు. విజయవాడ దాటాక ఏలూరు, రాజమండ్రి వైపుగా 16వ నెంబరు జాతీయ రహదారి మీద పోవచ్చు. డెల్టా ఊళ్ల మీదుగా పోయి, నర్సాపురం, అమలాపురం గుండా కాకినాడకు చేరే 216వ నెంబరు రహదారిని అందుకోవచ్చు. టన్నుకు ఇంత అని గుత్తగా మాట్లాడుకుంటే డ్రైవరు ఏ దారిన పోతేనేమి, వర్తకుడికి పట్టదు. టన్ను-కిలోమీటరుకు ఇంత అని ఒప్పందం ఉంటే మాత్రం ఏ దూరం అన్నదే అసలు ప్రశ్న.

దూరాలు మూడు రకాలు. ఈ-వే బిల్లు పోర్టల్ పిన్‌కోడ్‌ను బట్టి చూపే దూరం ఒకటి. ఫోనులో మ్యాపు చూపేది రెండవది. లారీ మీటరులో తిరిగేది మూడవది. మూడూ సరిపోవు. ఈ-వే బిల్లు దూరం అసలు ఉద్దేశం బిల్లు గడువు లెక్కకట్టడం. 2021 జనవరి 1 నుంచి మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇస్తున్నారు. అంతకుముందు 100 కిలోమీటర్లకు ఒక రోజుగా ఉండేది. ఆ దూరాన్నే కిరాయికి కూడా వాడుకుంటామని ఇరుపక్షాలూ ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. ఒప్పుకోకుండానే సాఫ్ట్‌వేర్ దాన్ని తెచ్చి కిరాయి గడిలో వేసుకుంటే బిల్లు రోజున తగవు తప్పదు. రైల్వేవారు ఈ చిక్కును ఏనాడో తీర్చుకున్నారు. బండి నిజంగా తిరిగిన దూరంతో పనిలేకుండా, కిరాయి కట్టవలసిన దూరం అని ఒకటి నియమం ప్రకారం తీస్తారు. మామూలుగా అతి దగ్గర దారిని లెక్కకు తీసుకుంటారు. కొన్ని సెక్షన్లకు మాత్రం నోటిఫికేషన్ ద్వారా దారి నిర్ణయించి దాని ప్రకారం వసూలు చేస్తారు. లారీ ఒప్పందంలో కూడా "కిరాయి దూరం" అని వేరే గడి పెట్టి, ఇద్దరూ ఒప్పుకున్న అంకె అందులో వేసి తాళం వేయడమే మంచిది.

ఏ తూకం మీద టన్ను?

వర్తకుల సొమ్ము ఎక్కువగా పోయేది ఇక్కడే. కనుక కొంచెం నిదానంగా చూద్దాం.

ఒక లోడుకు మూడు తూకాలు ఉంటాయి. మిల్లు దగ్గర కాటాలో వచ్చిన లోడింగు తూకం, దింపే చోట వే బ్రిడ్జి మీద వచ్చిన తూకం, లారీవాడికి మనం మాట ఇచ్చిన గ్యారంటీ తూకం. "టన్నుకు 1,200" అన్నప్పుడు ఈ మూడింటిలో ఏది అని చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు.

పద్నాలుగు టైర్ల లారీ టన్నుకు 1,200 చొప్పున, 25 టన్నుల గ్యారంటీతో మాట్లాడారనుకుందాం. ఆర్డరు చిన్నది కావడంతో 22.4 టన్నులే వేశారు. సరుకు తూకం మీద లెక్కిస్తే కిరాయి 26,880 రూపాయలు. గ్యారంటీ మీద లెక్కిస్తే 30,000. లారీవాడు రెండవదే అడుగుతాడు, అడగడం న్యాయమే. అప్పుడు అసలు సరుకు మీద పడే కిరాయి టన్నుకు 1,200 కాదు, సుమారు 1,339. క్వింటాలుకు పధ్నాలుగు రూపాయలు అదనం. సరుకు ధర ఖాయం చేసేటప్పుడు మాత్రం వర్తకుడు రేట్ మాస్టర్‌లో కనిపించిన 1,200నే చూసుకుని ఉంటాడు.

ఎండుమిర్చి వ్యాపారులకు ఈ బాధ రోజూ ఉన్నదే. మిర్చి టిక్కీలతో లారీ కడుపు నిండిపోతుంది గాని తూకం నిండదు. బండి మోయగలిగిన బరువు వేరు, దానిలో పట్టే మిర్చి వేరు. బియ్యానికి పెట్టుకున్న గ్యారంటీనే మిర్చికి కూడా పెట్టుకుంటే లేని బరువుకు కిరాయి కట్టినట్టు అవుతుంది. కనుక గ్యారంటీ తూకాన్ని లారీ రకానికి మాత్రమే తగిలించి ఊరుకోకూడదు. లారీ రకం, సరుకు రెండింటికీ కలిపి తగిలించాలి. ఓడ కిరాయిల్లో ఈ చిక్కుకు పాత పరిష్కారం ఉన్నది. విడి సరుకును టన్ను బరువు, ఘనపు మీటరు కొలత రెండింటిలో ఏది ఎక్కువైతే దానిమీద కిరాయి వేస్తారు. గుంటూరు నుంచి ఓడకెక్కే సరుకు పంపేవారికి ఇది కొత్త కాదు.

రైలు వ్యాగనుకూ ఇటువంటి నియమమే. వ్యాగనుకు నిర్ణయించిన మోత కంటే తక్కువ వేసినా ఆ మోత మీదనే కిరాయి కట్టాలి. పేరు మారింది గాని గ్యారంటీ గ్యారంటీయే.

ఇక లోడింగు తూకానికీ దింపుడు తూకానికీ తేడా. తేమ ఆరడం, బస్తా కారడం, రెండు వే బ్రిడ్జీల మధ్య తేడా, వీటివల్ల కొన్ని కిలోలు తగ్గడం మామూలు. ఎంతవరకు మామూలు అన్నది బ్రోకరుతో ముందే మాట్లాడుకుని ఆ అంకెను సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలి. ఆ హద్దు లోపల కిరాయి లోడింగు తూకం మీదనే పోతుంది. హద్దు దాటితే బిల్లు ఆగి మనిషి కంటికి రావాలి. సరుకు పోయినా, పాడైనా దావా వేయదలచినవారు బుకింగు తేదీ నుంచి 180 రోజుల లోపల రవాణాదారుకు రాతమూలకంగా నోటీసు ఇవ్వాలని 2007 నాటి రోడ్డు రవాణా చట్టం చెబుతున్నది. బిల్లు ఆపిన తేదీ, కారణం కంప్యూటర్‌లో ఉంటే నోటీసుకు ఆధారం దొరుకుతుంది.

పై హద్దు కూడా అవసరమే. 2018 జూలైలో కేంద్రం లారీల బరువు పరిమితులను పెంచింది. మూడు ఇరుసుల పది టైర్ల లారీకి బండితో కలిపి 25 టన్నులుగా ఉన్నది 28.5 టన్నులు అయింది. అయితే ఒక్కొక్క బండికి దాని రిజిస్ట్రేషను కాగితంలో ఉన్న అంకే ప్రమాణం. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే వేయదగ్గ సరుకు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. నడిపినవాడితో పాటు నడపడానికి కారణమైనవాడినీ చట్టం వదలడం లేదు. ఇండెంటు వేసేటప్పుడే ఆ అంకె దాటితే సాఫ్ట్‌వేర్ "కాదు" అనగలగాలి. క్వింటాళ్ల అంకెను టన్నుల గడిలో వేసే గుమాస్తాలు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, 22.4 బదులు 224 పడినా అప్పుడే పట్టుబడుతుంది.

శ్లాబుల మతలబు

తూకం పెరిగేకొద్దీ టన్ను రేటు తగ్గించడం వాడుకలో ఉన్నదే. పన్నెండు టైర్ల లారీకి "20 టన్నుల దాకా 1,400, పైన 1,250" అన్నారనుకోండి. వినడానికి సూటిగానే ఉన్నది. 21 టన్నులు వేస్తే కిరాయి ఎంత?

మొత్తం తూకానికి తక్కువ రేటు అంటే 21 × 1,250 = 26,250. 20 టన్నులకు పాత రేటు, పై ఒక్క టన్నుకే తక్కువ రేటు అంటే 28,000 + 1,250 = 29,250. ఒక్క లోడుకు మూడు వేల తేడా. నోటిమాటగా ఉన్నప్పుడు బ్రోకరు ఒకటి అనుకుంటాడు, వర్తకుడు మరొకటి అనుకుంటాడు, ఇద్దరూ చెయ్యి కలుపుకుంటారు. సాఫ్ట్‌వేర్ ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమంటుంది. ఎంచుకోకపోతే తానే ఏదో ఒకటి ఎంచుకుంటుంది.

మొదటి పద్ధతిలో ఒక వింత ఉన్నది. 20 టన్నుల లోడుకు 28,000 కట్టాలి, 21 టన్నులకు 26,250 చాలు. లెక్క వేస్తే 22.4 టన్నుల దగ్గరగాని మళ్లీ 28,000 రాదు. అంటే ఆ మధ్యలో ఎక్కువ సరుకుకు తక్కువ కిరాయి. తెలిసిన వర్తకుడు 19, 20 టన్నుల ఆర్డరును మరికొన్ని బస్తాలు చేర్చి పైకి నెట్టుకుంటాడు. విమాన రవాణాలో ఈ వింతకు బాహాటంగానే చోటిచ్చారు. పై శ్లాబు కనీస తూకానికి కట్టడం చవకయ్యేట్టయితే అలాగే కట్టించుకుంటారు. లారీ ఒప్పందంలోనూ ఆ షరతు రాసుకోవచ్చు. రాసుకుంటే సాఫ్ట్‌వేర్‌లో కూడా పెట్టించాలి.

తేదీ, డీజిలు

డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2014 అక్టోబరులో తొలగింది. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా పెట్రోలు, డీజిలు ధరలను ఏ రోజుకారోజు సవరించే పద్ధతి వచ్చింది. అందుచేత నెలలపాటు సాగే ఒప్పందాలలో డీజిలు షరతు మామూలయింది. టన్ను కిరాయిలో డీజిలు వాటా నూటికి 40 అని ఒప్పుకుంటే, డీజిలు ధర నూటికి 5 పెరిగినప్పుడు కిరాయి నూటికి 2 పెరుగుతుంది. 1,200 కాస్తా 1,224 అవుతుంది. ఏ ఊరి పంపు ధర, ఏ తేదీన చూడాలి, ఎంత మారితే సవరించాలి అన్న మూడూ ముందే రాసుకోవాలి. దిగినప్పుడు కూడా ఇదే లెక్క అన్నది లారీ యజమానులు మరచిపోతుంటారు, వర్తకులు మరచిపోరు!

కొత్త రేటు వచ్చినప్పుడు పాత అంకెను చెరిపి దాని మీద రాయడం పెద్ద పొరపాటు. ఈ వ్యాస విషయమై వాకబు చేస్తుండగా ఒక లారీ బ్రోకరు తన బాధ చెప్పుకున్నాడు. నెలాఖరు రాత్రి లోడైన పది లారీలు తెల్లవారి గేటు దాటాయి. ఒకటో తారీఖు నుంచి రేటు తగ్గింది. వర్తకుడి ఆఫీసులో పాత రేటును చెరిపి కొత్తది వేశారు. పది బిల్లులూ కొత్త రేటుకే వచ్చాయి. పాత రేటు అంతకుముందు ఎంత ఉండెనో చూపడానికి కంప్యూటర్‌లో జాడ కూడా లేదు. చివరకు బ్రోకరు తన పాత చేతి పుస్తకం పట్టుకుపోయి చూపించవలసి వచ్చింది.

ప్రతి రేటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉండాలి. పాతది అలాగే ఉండిపోవాలి, దాని కింద కొత్త వరుస రావాలి. ఇండెంటు తేదీయా, ఎల్.ఆర్. తేదీయా, గేటు దాటిన తేదీయా, ఏ తేదీన ఉన్న రేటు చెల్లుతుందో కూడా తేల్చుకోవాలి. ఎల్.ఆర్. తేదీ అయితే కాగితం ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది కాబట్టి తగవు తక్కువ.

రెండు చోట్ల దింపుడు

ఒకే లారీలో ఇద్దరి సరుకు పోవడం తరచు జరిగేదే. 20 టన్నుల బియ్యంలో 12 టన్నులు రాజమండ్రిలో, 8 టన్నులు కాకినాడలో దించాలి. లారీ మొత్తం కిరాయి 28,000. ఎవరిమీద ఎంత వేయాలి? చాలా సాఫ్ట్‌వేర్‌లు అడగకుండానే టన్నుల మీద పంచుతాయి: 16,800, 11,200. దగ్గరలో దించుకున్నవాడు దూరంగా దించుకున్నవాడి ప్రయాణానికి కొంత కట్టినట్టయింది. దూరాలు 250, 310 కిలోమీటర్లు అనుకుని టన్ను-కిలోమీటర్ల మీద పంచితే 15,328, 12,672 వస్తాయి. కాకినాడ సరుకు మీద టన్నుకు 184 రూపాయలు, అంటే క్వింటాలుకు పద్దెనిమిదికి పైగా తేడా. రెండు సరుకులూ ఒకే వర్తకుడివైనా పట్టించుకోవలసిందే, ఎందుకంటే ఏ అమ్మకంలో లాభం వచ్చిందో, దేనిలో రాలేదో ఈ పంపకాన్ని బట్టే కనిపిస్తుంది.

టన్ను రేటులో కలపకూడనివి

హమాలీ, దింపుడు కూలి, హాల్టింగు, కాటా రుసుము, పట్టాల కిరాయి ఇవన్నీ కలిపి "అన్నీ మీవే" అని ఒక్క టన్ను రేటు మాట్లాడడం వర్తకులకు ఇష్టం. అంతటితో తలనొప్పి పోయిందనుకుంటారు. హాల్టింగు మాత్రం అందులో ఇమడదు. అది టన్నులను బట్టి వచ్చేది కాదు, రోజులను బట్టి వచ్చేది. గేటు చేరిన వేళ, దింపడం మొదలైన వేళ రెండూ ఎక్కించకపోతే ఎన్ని రోజులన్నది డ్రైవరు నోటి మాటే. టోలు కూడా బండి రకాన్ని బట్టి పడేదే గాని సరుకు బరువును బట్టి కాదు. తక్కువ లోడు వేసినప్పుడు టన్ను మీద ఎక్కువ పడుతుంది.

పన్ను సంగతి టూకీగా. బియ్యం, పప్పులు, పిండి మొదలైన ఆహారధాన్యాలను ట్రాన్స్‌పోర్టు ఏజెన్సీ ద్వారా పంపితే ఆ కిరాయిపై జి.ఎస్.టి. లేదు. తిరుగు లోడులో వచ్చే రసాయన ఎరువులకు ఆ మినహాయింపు లేదు. అక్కడ 5 శాతం, లేదా ఏజెన్సీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే పద్ధతి ఎంచుకుంటే 18 శాతం పడుతుంది. ఈ రెండవది 2025 సెప్టెంబరు 22 వరకు 12 శాతంగా ఉండేది. లారీ అదే, దారి అదే, పన్ను వేరు. కనుక పన్నును రూటుకు తగిలించరాదు, సరుకుకు తగిలించాలి. రేటు పన్నుతో కలిపా, కలపకుండానా అన్నదానికి వేరే గడి ఉండాలి. 5 శాతం పద్ధతిలో చాలా సందర్భాలలో పన్ను కట్టవలసింది కిరాయి చెల్లించే వర్తకుడే అని మరువరాదు.

కొత్తగా సాఫ్ట్‌వేర్ పెట్టుకునేవారు మొదటి రోజునే కిరాయి పుస్తకాన్ని అటక ఎక్కించవద్దని అనుభవజ్ఞులు చెబుతున్నారు. గడచిన నెలలో చెల్లించిన ఇరవై ముప్పై బిల్లులను తీసుకుని వాటి తూకాలు, తేదీలు మాత్రమే కంప్యూటర్‌కు ఇచ్చి, కిరాయి అది కట్టిందేమిటో, మనం కట్టిందేమిటో పక్కపక్కన పెట్టి చూడాలి. తక్కువ లోడు బండి ఒకటి, నెల మారిన రాత్రి బండి ఒకటి, రెండు చోట్ల దించినది ఒకటి అందులో తప్పక ఉండాలి. సాఫీగా పోయిన బిల్లులు ఎలాగూ సరిపోతాయి.

ఈ మాస్టర్లన్నీ ఎంత పకడ్బందీగా పెట్టుకున్నా సీజనులో అవి పక్కకు పోయే రోజులు ఉంటాయి. సంక్రాంతి దాటాక గుంటూరు యార్డుకు కొత్త మిర్చి రాబడులు ముమ్మరమైనప్పుడు లారీ దొరకడమే గగనమవుతుంది. ఆ రోజున ఒప్పందం రేటు చెబితే బ్రోకరు ఫోను పెట్టేస్తాడు. అప్పటికప్పుడు ఒప్పుకున్న రేటును ఒప్పందం రేటు గడిలో వేయకుండా ఆ ఒక్క లారీ నెంబరుకే వేయాలి. ఎవరు ఒప్పుకున్నారు, ఏ వేళకు ఒప్పుకున్నారు అన్నది దాని పక్కన పడాలి. అలా వేయకపోతే మార్చిలో లారీలు ఖాళీగా నిలబడి ఉన్నా జనవరి చివరివారం రేటుకే బిల్లులు వస్తూ ఉంటాయి.